క్లచ్చుంది... తొక్కే పనే లేదు!

కారు గురించి రాయడానికి ఈ పేజీల్లో చోటేముంది, ఉగ్గాని గురించో చెనిక్కాయల పొడి గురించో రాయొచ్చు కదా అనుకుంటారేమో. అవీ చేస్తాను, బాగానే చేస్తాను. కానీ ఈ మూడేళ్ళుగా నన్ను వంటల సంగతి అడిగేవాళ్ళే లేరు. పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "గేర్లు లేని కారంట కదక్కా నీది, అదెట్ల పోతాది?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందరికీ ఒకేసారి చెప్పేద్దామని కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. శ్రీవారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళుగా ఉన్న షుగరు చివరికి ఆయన కిడ్నీల మీదికి వచ్చింది. వారానికి రెండుసార్లు అనంతపురం వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. పోను అరవై కిలోమీటర్లు, రాను అరవై. మధ్యలో నాలుగు గంటలు మిషను మీద. పోయేటప్పుడు బస్సయినా ఫర్వాలేదు. వచ్చేటప్పుడే కష్టం. ఒంట్లో సత్తువంతా పిండేసినట్టు అయిపోతారు. కాళ్ళు లాగుతాయి, కళ్ళు తిరుగుతాయి. అలాంటి మనిషిని బస్టాండులో నిలబెట్టి సీటు కోసం ఎగబడటం నా వల్ల కాలేదు. బాడుగ కారంటే ఒక్కసారికి రెండువేల పైమాటే. నెలకు ఎనిమిది తొమ్మిది సార్లు. ఆయన పింఛనులో అది పోగా మందులకు ఏం మిగులుతుంది?

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. "కారు కొందాం, డ్రైవరును పెడదాం" అన్నాడు. మా ఊళ్ళో తెల్లవారుజామున నాలుగుకే లేచి, వారానికి రెండు రోజులే పని చేసి, మిగతా అయిదు రోజులూ జీతం అడగని డ్రైవరు దొరికితే నాకూ చెప్పండి. అందుకని యాభై రెండో ఏట నేనే నేర్చుకుంటానన్నాను. మా మరిది నవ్వాడు. "వదినా, నువ్వు సైకిలే తొక్కలేదు గదా, కారెట్ల తోల్తావు?" అన్నాడు. సైకిలుకు బ్యాలెన్సు కావాలి, కారుకు అక్కర్లేదు నాయనా అన్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. నా ఎడమ మోకాలు అరిగిపోయింది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. డ్రైవింగ్ స్కూలు కారులో క్లచ్చు తొక్కీ తొక్కీ నాలుగో రోజుకే మోకాలు వాచింది. అది చూసి నేర్పించే అబ్బాయే అన్నాడు. "అక్కా, ఆటోమేటిక్ చూసుకోండి. ఎడమకాలికి పనే ఉండదు" అని.

అలా మా ఇంటికి వచ్చింది 2017 మోడలు సెలెరియో. సెకండ్ హ్యాండుది, పెట్రోలు బండి. పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు గాజులు దానికింద పోయాయి. పోతే పోయాయి, అవి నన్ను అనంతపురం తీసుకెళ్ళవు కదా.

ఈ బండికి చిన్న చరిత్ర ఉంది. ఆటోమేటిక్ కార్లు మన దేశానికి కొత్తేం కాదు. చిన్న కార్లలో కూడా జెన్, ఐ10 లాంటివి అంతకుముందే ఆ రకంలో వచ్చాయి. అయితే ధర ఎక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతాయి. మామూలు సంసారులు వాటి జోలికి పోలేదు. 2014 ఫిబ్రవరిలో మారుతి వాళ్ళు సెలెరియోను తెచ్చినప్పుడు మామూలు గేర్ల బండికీ ఆటోమేటిక్‌కూ తేడా దాదాపు 40 వేల రూపాయలే. పైగా కంపెనీ పరీక్షల లెక్కలో రెండింటికీ ఒకటే మైలేజీ, లీటరుకు 23.1 కిలోమీటర్లు. అది మన దేశంలో ఏఎంటీ అనే పద్ధతితో వచ్చిన మొదటి కారు. ఆ పరికరం ఇటలీకి చెందిన మాగ్నెటి మరెల్లి కంపెనీది. ఆ తర్వాత ఆల్టో కె10, నానో, క్విడ్, ఇలా చిన్న బండ్లన్నీ ఆ దారే పట్టాయి. 2021 నవంబరులో సెలెరియోనే కొత్త రూపంలో వచ్చింది. దాని మైలేజీ ఇంకా ఎక్కువ. మాది పాతదే.

ఇప్పుడు ఆ ఏఎంటీ సంగతి. దీనికి ముందు గేరంటే ఏమిటో తెలియాలి. రోట్లో పప్పు వేసి రుబ్బడం మొదలుపెట్టినప్పుడు ఏం చేస్తాం? బలమంతా పెట్టి మెల్లగా తిప్పుతాం. మెదిగి జారుగా అయ్యాక బలం తగ్గించి వేగం పెంచుతాం. కారుకూ అంతే. నిలబడ్డ బండిని కదిలించాలంటే బలం కావాలి, వేగం కాదు. అది ఒకటో గేరు. పరుగు అందుకున్నాక బలం తక్కువ చాలు, వేగం కావాలి. అది నాలుగూ, అయిదూ. ఇంజను తిరుగుడు ఒకటే అయినా, దాన్ని బలంగా మార్చాలా వేగంగా మార్చాలా అని తేల్చేవి ఆ పళ్ళచక్రాలు.

మరి క్లచ్చు? మా వైపు వాళ్ళకు చెనిక్కాయలొలిచే మిషను తెలుసు. ఆయిలింజనుకూ మిషనుకూ మధ్య పట్టా ఉంటుంది. ఇంజను ఆపకుండా మిషను ఆపాలంటే పట్టా తప్పిస్తారు. కారులో ఆ పట్టా చేసే పని క్లచ్చుది. గేరు మార్చే క్షణంలో ఇంజనును గేర్ల నుంచి విడదీసి, మార్చాక మళ్ళీ కలపాలి. మామూలు కారులో ఆ విడదీయడం ఎడమకాలు చేస్తుంది, మార్చడం ఎడమచెయ్యి చేస్తుంది.

మా బండిలో క్లచ్చు లేదని అందరూ అనుకుంటారు. ఉంది. అయిదు గేర్లూ ఉన్నాయి. లేనిది క్లచ్చు పెడలు ఒక్కటే. బండి వేగం, ఇంజను తిరుగుడు, నా కాలు యాక్సిలరేటరు మీద ఎంత బరువు వేసిందీ ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటూ ఉంటుంది. సమయం వచ్చిందనుకుంటే మోటారు సాయంతో ఒత్తిడి పుట్టించిన నూనెను పంపి క్లచ్చును తనే నొక్కుతుంది, గేరును తనే మారుస్తుంది. అంటే పాతకారుకే కనబడని ఎడమకాలు, ఎడమచెయ్యి అతికించారన్న మాట. అందుకే చవక, అందుకే పెట్రోలు ఎక్కువ తాగదు.

ఖరీదైన ఆటోమేటిక్‌లలో వేరే పద్ధతులు ఉంటాయి. టార్క్ కన్వర్టర్ అనేది ఒకటి. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది చూడండి, అలాగన్న మాట. గాలి బదులు నూనె ఉంటుంది. చాలా మెత్తగా పోతుంది. సీవీటీ అనేది ఇంకొకటి. కుట్టుమిషనుకు పెద్దచక్రం, చిన్నచక్రం, మధ్యలో పట్టా ఉంటాయి కదా. ఆ చక్రాలు నడుస్తూ నడుస్తూనే సైజు మార్చుకుంటాయని ఊహించుకోండి. అందులో విడి గేర్లంటూ ఉండవు. రెండూ హాయిగా ఉంటాయి, రెంటికీ డబ్బు ఎక్కువే.

ఏఎంటీలు అన్నిటికీ ఒక స్వభావం ఉంది, ఏ కంపెనీదైనా సరే. గేరు మారే ఆ అర క్షణం ఇంజను లాగడం ఆగుతుంది. తల ముందుకు ఊగుతుంది. గట్టిగా తొక్కేవాళ్ళకు మరీ ఎక్కువ. మామూలు మనిషికి అదేం లెక్కలోది కాదు. కానీ నా పక్క సీట్లో కూర్చునే మనిషి అప్పుడే మిషను మీంచి లేచి వచ్చినవారు. ప్రతి ఊపుకూ కడుపులో తిప్పుతుంది. అందుకని నేను దాని లయ పట్టుకున్నాను. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మారే వేళ ఇంజను శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ క్షణానికి కాలు కొంచెం తేలిక చేస్తే చాలు, ఊపు లేకుండా మారిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగే ముందు శబ్దం వినే చెవులు మనవి, ఇదేమంత కష్టం? ఇప్పుడు ఆత్మకూరు దాటేలోపే ఆయన నిద్రపోతారు. పక్కన నిద్రపోతున్నారంటే నా డ్రైవింగుకు ఫస్టు క్లాసు వచ్చినట్టే.

నాకు రోడ్డు మీద నడపడం నేర్పింది మా ఊరి మామ. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. క్లచ్చు తొక్కని బండిని ఆయన బండిగా ఒప్పుకోలేదు. "ఇదేం బండమ్మయ్యా, బొమ్మ మాదిరి ఉండాది" అన్నారు. అయినా ఆయన మొదటి రోజు చెప్పిన మాట ఎవరు నేర్చుకున్నా మరిచిపోకూడదు. "ఎడమకాలు మడిచి పక్కన పెట్టేసెయ్. బ్రేకుకూ యాక్సిలరేటరుకూ కుడికాలు ఒకటే. రెండు కాళ్ళు పెడితివా, భయమేసినప్పుడు రెండూ తొక్కుతావు" అని.

మీట దగ్గర ఆర్, ఎన్, డి, ఎం అని ఉంటాయి. బ్రేకు తొక్కి, ఎన్‌లో ఉంచి తాళం తిప్పాలి. డి వేసి బ్రేకు వదిలితే బండి చీమలా ముందుకు పాకుతుంది. సందుల్లో, ఇంటి ముందు నిలిపేటప్పుడు ఆ పాకుడు ఎంత సాయమో! మూడున్నర మీటర్ల పైచిలుకు పొడవు బండి కాబట్టి మా వీధిలో కూడా తిరుగుతుంది. పెద్ద ఆటోమేటిక్‌లలో ఉండే 'పి' అనే పార్కింగ్ స్థానం ఇందులో లేదు. అందుకని బండిని ఎన్‌లో వదిలి దిగిపోకూడదు. గేరులోనే ఉంచి ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగాలి.

ఎత్తు మీద ఆగినప్పుడు ఇంకో జాగ్రత్త. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గరి బ్రిడ్జి ఎక్కేటప్పుడు ముందు బస్సు ఆగిందనుకోండి. యాక్సిలరేటరును కొంచెం తొక్కి పట్టుకుని బండిని నిలబెట్టడం చాలామందికి అలవాటు. అలా చేస్తే లోపల క్లచ్చు పలక రాసుకుని కాలిపోతుంది. బ్రేకు మీద ఉండాలి. కదిలేటప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచి, బండి ముందుకు లాగుతోందని తెలిశాక వదలాలి. కాలిన క్లచ్చు మార్చాలంటే నెల సరుకుల డబ్బు చాలదు.

లైసెన్సు గురించి కూడా అడుగుతారు. ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాక ముప్ఫై రోజులు ఆగి పరీక్షకు వెళ్ళాలి. నేను మా బండిలోనే పరీక్ష ఇచ్చాను.

పోయిన ఎండాకాలం సంగతి చెప్తాను. మాది వానకు మొహం వాచిన సీమ. ఏడాది మొత్తం కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడటం గగనం. ఎండలు నలభై రెండు దాటుతాయి. అలాంటి చోట డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. చెనిక్కాయలు పండే నేల మీద పుట్టి చెనిక్కాయ చట్నీ తినకూడదు, గొంతెండే ఎండలో దాహం తీరా తాగకూడదు. ఆయన ఎప్పుడూ గొణగరు. ఆ రోజు మా బంధువుల పెళ్ళి. ఎవరో అభిమానంగా మజ్జిగ ఇచ్చారు, ఇంకెవరో షరబత్తు ఇచ్చారు. రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చున్నారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందని నాకు అర్థమైంది. అంబులెన్సుకు ఫోను చేస్తే రావడానికే గంట దాటుతుందన్నారు.

ముందు సీటు వీపును నిటారుగా చేసి కూర్చోబెట్టాను. తలగడ ఒడిలో పెట్టి దాని మీదికి వంగి ఊపిరి తీసుకోమన్నాను. "ఏమే, మెల్లగా పో" అన్నారు. ఆ మాట అనడానికి మూడుసార్లు ఆగారు. నేనేం మాట్లాడలేదు. చీకట్లో ఆ రోడ్డు మీద ముందు ఒక కాయల లారీ. ఏఎంటీతో లారీని దాటాలంటే ఒక కిటుకుంది. ఒక్కసారిగా కాలు అదిమితే కంప్యూటరు ఆలోచించుకుని గేరు తగ్గించేసరికి ఓ క్షణం పోతుంది, ఎదురుగా బండి వస్తుంటే ఆ క్షణమే ప్రమాదం. అందుకని మీటను ముందే ఎం లోకి తెచ్చి, ఒక గేరు చేత్తో తగ్గించి, అప్పుడు తొక్కాలి. వెయ్యి సీసీ లోపు ఇంజను, మూడే సిలిండర్లు, 68 గుర్రాల బలం. దానికి చేతనైనంత అది లాగింది. పెన్న వంతెన మీద కిటికీ దించాను. ఏట్లో నీళ్ళు లేకపోయినా గాలి చల్లగా ఉంది. ఆ గాలికి ఆయన మొహం తిప్పారు.

గంటా పది నిమిషాల్లో చేరాం. ఆక్సిజన్ పెట్టారు, వెంటనే మిషను మీదికి ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే చెప్పలేమన్నారు డాక్టరుగారు. తెల్లవారాక వేపచెట్టు కింద కారులో కూర్చుంటే నా ఎడమకాలు వణకడం మొదలుపెట్టింది. రాత్రంతా ఏ పనీ చేయని కాలు!

ఆ వేపచెట్టు కిందే నాకు ఈ పరిజ్ఞానమంతా వచ్చింది. నాలుగు గంటలు ఊరికే కూర్చోవడం ఎందుకని పక్క షెడ్డు మెకానిక్ అబ్బాయిని అడిగి ఒక్కొక్కటే తెలుసుకున్నాను. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ వేయకండి. ముందు అద్దాలన్నీ దించి లోపలి వేడిగాలి పోనివ్వండి. ఇన్సులిన్ సీసాలను కారులో వదిలి వెళ్ళకండి, ఆ వేడికి మందు పాడవుతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తిప్పకండి. ఆవిరి నిండిన కుక్కరు మూత బలవంతంగా తీస్తామా? ఇదీ అంతే. మన సీమ దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు తొందరగా పూడిపోతుంది. పిండి అంటుకుని కన్నాలు మూసుకున్న జల్లెడలాగా అయితే ఇంజనుకు ఊపిరాడదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. సర్వీసు దాకా ఆగకుండా మధ్యలో ఒకసారి చూపించండి.

ఖర్చు చెప్పమంటారా? నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాం. ఏసీ వేసుకుని, మా రోడ్ల మీద, నాకు లీటరుకు పద్దెనిమిది వస్తోంది. కంపెనీ లెక్క పరీక్షగదిలోది, మన లెక్క మన రోడ్డుది. లీటరు నూటపది దగ్గర వేసుకున్నా నెలకు ఆరువేల పైచిలుకు పెట్రోలు. బాడుగ కారుకు అయ్యే దాంట్లో మూడోవంతు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా తక్కువ, మైలేజీ కాస్త తగ్గుతుంది. పాత బండి వాళ్ళు రబ్బరు గొట్టాలను సర్వీసులో చూపించుకోవడం మంచిది.

"మన జిల్లాలోనే కార్లు చేస్తాండారు గదా, అవి వదిలి ఇదేల కొన్నావు?" అంటుంది మా ఆడపడుచు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ బయటికి వచ్చింది. 2022లో జిల్లాలు విడదీశాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయిందనుకోండి. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. చెనిక్కాయ తప్ప ఏదీ పండదన్న నేల మీద అది లేచిందంటే నాకూ గర్వమే. కానీ అక్కడ చేసేవి పెద్ద బండ్లు, పెద్ద ధరలు. నా గాజులు చిన్నవి వదినా అన్నాను.

సెకండ్ హ్యాండులో కొనాలనుకునేవాళ్ళకు నేను తెలుసుకున్నవి చెప్తాను. 2019 ఏప్రిల్‌కు ముందు బండ్లన్నిటికీ ఏబీఎస్ ఉండదు, ఎయిర్‌బ్యాగులూ అంతే. అవి ఉన్న రకమేనా అని అడిగి తెలుసుకోండి. మీరు వెళ్ళేసరికి ఇంజను వేడెక్కించి సిద్ధంగా ఉంచితే అనుమానించండి, రాత్రంతా ఆగి చల్లారిన బండినే స్టార్టు చేసి చూపించమనండి. డి నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డికి నాలుగైదుసార్లు మార్చి చూడండి. వెంటనే పట్టుకోవాలి, టకటకమని కొట్టుకోకూడదు. ఎత్తు ఉన్న చోటికి తీసుకెళ్ళి ఆపి కదిలించండి. ఇంజను అరుస్తూ బండి కదలకపోతే క్లచ్చు అరిగినట్టు. సర్వీసు పుస్తకంలో క్లచ్చు ఎప్పుడు మార్చారో చూడండి. వెనక తలుపు ఎత్తి, వెనక సీటు వీపును ముందుకు మడిచి చూడండి. నాకైతే మడిచే కుర్చీ, ఆయన దుప్పటి, రెండు పెద్ద టిఫిన్ క్యారియర్లు అందులో పట్టాలి. ఆ రోజు ఇంటి నుంచి అవన్నీ మోసుకెళ్ళి, అమ్మేవాడి ముందే సర్ది చూసుకుని, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టాను.